కిటికీ పక్కన ఆరిన తెల్ల పొడి

ఇది ఒక మహాకావ్యం. ఇందులో అగ్ని ఉంది, ఇనుము ఉంది, నమ్మకద్రోహం ఉంది, నిండు సభలో అవమానం ఉంది, పద్నాలుగు నెలలు కడుపులో పెట్టుకున్న పగ ఉంది. చదివి లేచేసరికి మీ రక్తం సలసలా ఉడుకుతుంది.

సరే, అంత లేదు. అగ్ని అంటే మా ఊరి ఉక్కు ప్లాంటు కొలిమి. అది ఎక్కడో దూరంగా దాని పని అది చేసుకుంటోంది. నిండు సభ అంటే ఇరవై ఏడు మంది, అందులో తొమ్మిది మంది సమోసాల కోసం వచ్చినవాళ్లు. మిగిలింది ఒక చెంచాడు పొడి. పగ మాత్రం నిజం. దానికి నేను హామీ.

నేను పుట్టింది భిలాయిలో, పెరిగింది సెక్టర్ 6 క్వార్టర్‌లో. అమ్మానాన్నలది విజయనగరం వైపు. నాన్న ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి, రిటైరయ్యాక తిరిగి వెళ్లడం మర్చిపోయారు. నా తెలుగులో సగం అమ్మది, సగం హిందీ, మిగతాది నా సొంతం. ఊళ్లోనే ఒక కాలేజీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏం చేస్తావమ్మా అక్కడ అని అడిగే ఆంటీలకి నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "జడలు వేస్తానండీ."

అబద్ధం కాదు. పొడుగాటి అణువులు మూడు తీసుకుని, పైన ఒక లోహపు పరమాణువు, కింద ఒక లోహపు పరమాణువు ఉండేలా కలిపితే, మూడు పాయలూ వాటంతటవే మెలికలు తిరిగి జడలా అల్లుకుంటాయి. లోహాలు రబ్బరుబ్యాండ్లన్నమాట. దువ్వక్కర్లేదు, నూనె రాయక్కర్లేదు. దీన్నే గంభీరంగా సుప్రామాలిక్యులర్ కెమిస్ట్రీ అంటారు. ఆ జడ వెళ్లి డీఎన్ఏ మెలికల సందులో ఇరుక్కుంటుందా, ఇరుక్కుని దాన్ని తెంపుతుందా అని చూడడం మా ల్యాబ్ పని. తెంపితే ఎప్పటికో ఒకప్పటికి క్యాన్సర్ మందుకి పనికిరావచ్చని ప్రతి పేపరు చివర్లోనూ రాస్తాం. అది రాయకపోతే భోజనంలో పెరుగు వెయ్యనట్టు.

ల్యాబ్‌లో నాకన్నా మూడేళ్ల ముందున్న సీనియర్ ఒకడున్నాడు. మనవాళ్లే, శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడు నందిని గనుల కాలనీలో సున్నపురాయి దుమ్ములో పెరిగి, పదేళ్లొచ్చాక భిలాయికి వచ్చినవాడు. ల్యాబ్‌లో ఎప్పుడూ హిందీయే. నాతో పని పడినప్పుడు మాత్రం తెలుగు వచ్చేసేది. "చెల్లీ" అన్నాడంటే నా బీకరో, నా శనివారమో, ఏదో ఒకటి పోబోతోందని లెక్క.

ఇక కథ. ఇనుముతోనో రాగితోనో వేసిన జడకి కాస్త విటమిన్ సి కలిపితే డీఎన్ఏని తెంపుతుంది. ఇది అందరికీ తెలుసు. జింకు తెంపదు. జింకుకి ఆ గుణం లేదు, పాపం బుద్ధిమంతురాలు. తెంపదని చూపించడానికే, ఇనుముకి పోలికగా, నేను ఒక జింకు జడ చేశాను.

తయారైన తడి పొడిని ఆరబెట్టాలి. అందుకు డెసికేటర్ అని గట్టి మూతున్న గాజుపాత్ర ఉంటుంది. మాకున్నది ఒక్కటే. దాని నిండా సీనియర్ సీసాలు.

"భయ్యా, ఒక మూల కాస్త చోటివ్వవా?"

"వచ్చే వారం చెల్లీ, పక్కా."

వారాలు వచ్చాయి, వెళ్లాయి. డెసికేటర్‌లో నుంచి ఒక్క సీసా కదల్లేదు. చివరికి నా పొడిని ఫిల్టర్ పేపరు మీద పరిచి, పైన ఇంకో పేపరు కప్పి, పడమటి కిటికీ పక్కన పెట్టాను. అమ్మ డాబా మీద వడియాలు పెట్టి పల్చటి పంచె కప్పినట్టే. మూడు రోజులకి ఆరింది. నోట్‌బుక్‌లో తేదీ వేసి, రంగు దగ్గర 'తెలుపు' అని రాశాను.

ఆ పొడితో జెల్ నడిపాను. జెల్ అంటే జున్నుముక్కలాంటి పలక. అందులో డీఎన్ఏని కరెంటుతో పరిగెత్తిస్తాం. చక్కగా చుట్టుకుని ఉన్న డీఎన్ఏ ముందుకి పోతుంది, తెగినది వెనకబడుతుంది. యూవీ దీపం వేసి చూశాను. జింకు వరసలో నారింజరంగు పట్టీ వెనకే కూర్చుని ఉంది. మొత్తం తెగింది. తెంపని లోహం తెంపింది.

నా మొదటి తప్పు నాకు తెలిసి సైన్సులో జరగలేదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క మనిషికి దాన్ని చూపించడమే తప్పు.

"ఏటిది, జింకా?" సీనియర్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. తెలుగు. నాకు అప్పుడే తెలియాల్సింది.

"జింకే భయ్యా."

"ఎవరికేనా చెప్పేవా?"

"నీకే."

"మేడమ్‌కి ఇప్పుడే చెప్పకు. నేనోసారి రిపీట్ చేసి చూస్తాను. నువ్వు కొత్త కదా, తప్పయితే నీ పరువు పోతాది. ఆ సీసా ఇలగియ్యి."

ఇచ్చాను. నా పరువు గురించి అంత బెంగపడిన మొదటి మనిషి కదా.

రెండు నెలల తర్వాత ల్యాబ్ మీటింగులో మా గైడు మేడమ్ దూద్‌పేడా పంచారు. డీఎన్ఏని తెంపే జింకు జడ మీద పేపరు సిద్ధమైందట. రాసినవాళ్లు ఇద్దరు: సీనియర్, మేడమ్. చివర సన్న అక్షరాల్లో కృతజ్ఞతలు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వేసిన ఆయనకి, ఆ తర్వాత 'గాజుసామాను విషయంలో సాయానికి' నాకు. జనరేటర్ ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన నిజంగానే జనరేటర్ వేశాడు.

నోట్‌బుక్ పట్టుకుని మేడమ్ గదికి వెళ్లాను. తేదీ చూపించాను, జెల్ ఫోటో చూపించాను.

"నువ్వు చెయ్యలేదని ఎవరన్నారమ్మా?" అన్నారు మేడమ్, హిందీలో, ఎంతో ప్రేమగా. "పొడి నువ్వే చేశావు. కానీ అది ఏమిటో కనిపెట్టి, పేపరు దాకా తీసుకొచ్చింది అతను. హోటల్ మెనూలో వండినవాళ్ల పేరు వెయ్యరు కదా. అతనికి వచ్చే ఏడాది థీసిస్ ఇవ్వాలి. నీకు నెక్స్ట్ పేపర్లో చూద్దాం."

బయటికొచ్చి ప్రతిజ్ఞ చేశాను. ఇలాంటప్పుడు జుట్టు విరబోసుకోవాలంటారు, కానీ ల్యాబ్‌లో జుట్టు కట్టుకునే ఉండాలని రూలు. ముడితోనే చేశాను: ఆ పేపరు మీద నా పేరైనా ఉండాలి, లేకపోతే ఆ పేపరైనా ఉండకూడదు.

చిన్నవాటితో మొదలుపెట్టాను. 'భయ్యా' మానేసి 'సర్' అన్నాను. వినడానికి ఏమీ లేదు గాని, రోజుకి ముప్పైసార్లు అంటే మనిషి లోపల్లోపల కుంగుతాడు. ఐస్ అయిపోవస్తోందని చెప్పడం మానేశాను. సీసాల మీద పేర్లు రాసుకునే అతని మార్కర్ మూతని రోజూ రవ్వంత వదులు చేసి వదిలేదాన్ని. ఎండిపోయిన మార్కర్‌తో అతను గాజు మీద గరగరా గీకుతుంటే నా ప్రాణానికి ఏసీ వేసినట్టుండేది.

ఆ తర్వాత పెద్దది. అదే పొడిని మళ్లీ నేనే చేస్తాను, అతని పొడికన్నా బాగా చేస్తాను, మేడమ్ బల్ల మీద పెట్టి చూపిస్తాను. అప్పటికి నా బల్లని ఎమ్మెస్సీ పిల్లలకి ఇచ్చేశారు. నన్ను పరికరాల గదిలోకి నెట్టారు. ఏసీ గది, కిటికీలకి సీలు, నాకు సొంతంగా ఒక బుల్లి డెసికేటర్. అవమానం అనుకున్నాను గాని సుఖంగానే ఉంది. పొడి చేశాను, ఆరబెట్టాను, జెల్ నడిపాను.

తెగలేదు.

మళ్లీ చేశాను. తెగలేదు. మూడోసారీ డీఎన్ఏ నా మొహం చూడకుండా హాయిగా ముందుకి వెళ్లిపోయింది.

సీనియర్ భుజం మీంచి తొంగి చూశాడు. "అరే, టెన్షన్ మత్ లే. చెయ్యి తిరగాలి కదా. నీకింకా టైముంది."

నా పొడి పట్టుకుపోయినవాడు, నాకు ఆ పొడి చెయ్యడం రావట్లేదని నన్ను ఓదారుస్తున్నాడు. ఆ రోజు మార్కర్ మూత పూర్తిగా తీసి పారేశాను.

ఆ ఆదివారం పెరట్లో అమ్మ నాన్న తెల్లచొక్కా ముందేసుకుని కూర్చుంది. దాని మీద ఇనప మరక. నిమ్మచెక్కని ఉప్పులో అద్ది రుద్దుతోంది. ప్లాంటువాళ్ల ఇళ్లల్లో ఇది అందరికీ వచ్చిన విద్య. పక్కన సుపేలా బజారులో ముందురోజు కొన్న కొత్త చొక్కా కవర్లో ఉంది.

"ఏటే, అలగ మొహం పెట్టీసేవు? మళ్లీ తెగలేదా నీ దారం?"

"తెగలేదు."

"మంచిదే కదేటి. తెగితే నీకేటొస్తాది?"

ఈ ప్రశ్నకి నా పీహెచ్‌డీలో ఇప్పటికీ జవాబు లేదు. మాట మార్చాను. "మరక పోయింది కదమ్మా, తెల్లగానే ఉంది. ఇంకెంతసేపు రుద్దుతావు?"

"తెలుపా? నీ మొహం తెలుపు. ఇది భిలాయి తెలుపే. ఇదిగో, కొత్తదాని పక్కనెట్టి చూడు."

కవర్లోంచి కొత్త చొక్కా తీసి పక్కన పరిచింది. నాన్న చొక్కా శుభ్రంగా గులాబీరంగులో ఉంది.

మా ఊళ్లో పెరిగినవాళ్లకి ఇదొక జబ్బు. గాలి ప్లాంటు వైపు నుంచి తిరిగితే సన్నటి ఎర్రదుమ్ము వస్తుంది. గోడలు, కర్టెన్లు, స్కూలు చొక్కాలు, అమ్మ వడియాలు, అన్నీ రవ్వంత ఎర్రబారే ఉంటాయి. మా కళ్లు దాన్నే తెలుపంటాయి. బయటినుంచి వచ్చిన చుట్టాలెవరైనా "ఏటి, మీ బట్టలన్నీ ఇలగున్నాయి?" అన్నారంటే అమ్మ వాళ్లతో ఓ ఏడాది మాట్లాడదు.

జింకు జడ పొడి మీగడరంగులో ఉండాలి. దాంట్లోకి ఇనుము చేరితే గులాబీకి తిరుగుతుంది. ఇది నేను ఎమ్మెస్సీ పిల్లలకి చెప్పే పాఠం. ఆ పొడిని నేను చూశాను, సీనియర్ చూశాడు, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మేడమ్ చూశారు. ముగ్గురికీ తెల్లగానే కనిపించింది. వేరే ఊళ్లో ఏ డిగ్రీ పిల్లయినా మొదటిరోజే "ఇదేంటి, గులాబీగా ఉంది" అని పారబోసేది. సీనియర్ కనీసం నందిని సున్నం మధ్య పెరిగినవాడు, వాడికైనా తెలుపంటే ఏమిటో గుర్తుండాలి.

మర్నాడు నా పాత నోట్‌బుక్‌లో అంటించుకున్న ఫిల్టర్ పేపరు తీశాను. దానికి నాలుగు రేణువులు మిగిలి ఉన్నాయి. ఏసీ గది పొడి పక్కన పెట్టి చూశాను. గులాబీ. కొత్త పొడిలో సగాన్ని తడిపి, అదే కిటికీ పక్కన వారం రోజులు ఉంచాను. అదీ గులాబీ అయింది. జెల్ నడిపాను. తెగింది. అమ్మ నిమ్మచెక్క ఇనుముని పట్టి లాగేసినట్టే లాగే మందు ఒకటి ల్యాబ్‌లో ఉంటుంది. అది కలిపాను. తెగడం ఆగిపోయింది.

అదీ సంగతి. ప్లాంటు దుమ్ములోని ఇనుము మెల్లగా చేరి, జింకుని పక్కకి తోసేసి, దాని కుర్చీలో కూర్చుని, డీఎన్ఏని తెంపింది. పని ఇనుముది, పేరు జింకుది. ఈ అన్యాయం ఎక్కడో విన్నట్టే అనిపించింది నాకు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే ఆటోలో ఎంత నవ్వుకున్నానంటే, పక్కనున్న దీదీ తన సంచీ దగ్గరికి లాక్కుంది.

భోజనాల దగ్గర నాన్నకి అంతా చెప్పాను. నాన్న ప్లాంటులో ఉన్నన్నాళ్లూ పద్ధతి ఒకటే: ప్రమాదం కనబడితే ముందు కేకెయ్యి, తర్వాత మాట్లాడు.

"ముందే చెప్పీమ్మా ఆ కుర్రాడికి," అన్నారు. "పదిమందిలో ఎందుకు?"

"చెప్తాను నాన్నా. పదిమందీ వచ్చాక."

సీనియర్ థీసిస్ ఇచ్చే ముందు అందరి ముందూ మాట్లాడే సెమినార్‌కి ఇంకా మూడు వారాలుంది. పేపరు పత్రికకి వెళ్లి నెలలైంది, జవాబు రాలేదు. ఆ మూడు వారాలూ నా జీవితంలో ఉత్తమమైనవి. రోజూ వెళ్లి అతను స్లైడ్లు దిద్దుకోవడం చూసేదాన్ని. ఒకరోజు తెలుగు వచ్చింది.

"చెల్లీ, ఈ స్లైడులో పట్టీ బాగా కనబడతన్నాదా?"

"ఇంకాస్త పెద్దది చెయ్యండి సర్. వెనకున్నవాళ్లకి కూడా తెలియాలి కదా."

పెద్దది చేశాడు. "థాంక్స్," అన్నాడు కూడా.

సెమినార్ రోజు పరీక్షకుడిగా వేరే ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెల్లచొక్కా వేసుకున్నారు. నేను చూశాను, అసలైన తెలుపు. సీనియర్ నలభై నిమిషాలు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పట్టీ గోడంత కనబడింది. ప్రశ్నలున్నాయా అన్నారు. చెయ్యెత్తాను. ఇక్కణ్ణుంచి అంతా హిందీలోనూ ఇంగ్లీషులోనూ జరిగింది. పగ మాత్రం తెలుగే.

"సర్, చిన్న ప్రశ్న. మీ జింకు పొడి ఏ రంగు?"

"తెలుపు," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

కోటు జేబులోంచి రెండు సీసాలు తీసి పెద్దాయన ముందు పెట్టాను. "ఇది ఏసీ గదిలో ఆరింది సర్, డీఎన్ఏ జోలికి పోదు. ఇది కిటికీ పక్కన ఆరింది, తెంపుతుంది. ఇనుముని లాగేసే మందు కలిపితే ఇదీ తెంపదు. జెల్ ఫోటోలు ఇవిగో."

ఆయన రెండో సీసాని తన చొక్కా చేతికి ఆనించి చూశారు. "ఇది గులాబీ కదా," అన్నారు. హాలంతా ముందుకి వంగింది. భిలాయివాళ్లెవరికీ తేడా తెలియలేదు. అందరూ తెలిసినట్టే తలలూపారు.

సీనియర్ చేతిలో లేజర్ ఆరిపోలేదు, ఎర్రచుక్క గోడ మీంచి పాకుతూ సీలింగ్ ఫ్యాను దాకా వెళ్లింది. పద్నాలుగు నెలలు ఆ క్షణం కోసం కూర్చున్నాను. ఉప్పూ కారం అద్దిన పుల్లమామిడి ముక్కలా ఉంది. ఇంకొంచెంసేపు చప్పరిద్దామనుకుంటున్నాను.

ఇంతలో అతను మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"సర్, ఆ శాంపిల్ నేను చేసింది కాదు." నా వైపు చెయ్యి చూపించాడు. "మొత్తం తనే చేసింది. మొదటి జెల్ కూడా తనదే. నేను రిపీట్ మాత్రమే చేశాను." అని నా పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా.

నేను వినాలనుకున్న వాక్యం అదే. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. పైగా మైకులో.

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఎక్కడ ఆరబెట్టావమ్మా?"

"కిటికీ పక్కన సర్."

"డెసికేటర్ లేదా?"

"ఉంది సర్. చోటు లేదు. నిండా ఈయన సీసాలే."

"కిటికీ మూసి ఉందా?"

"మూసే ఉందనుకున్నాను సర్."

"రంగు ఏమని రాసుకున్నావు?"

నేను సాక్ష్యానికని తెచ్చుకున్న నోట్‌బుక్ బల్ల మీదే ఉంది. మేడమ్ తెరిచారు. నా గుండ్రటి చేతిరాత: తెలుపు.

"నువ్వు చూడకుండా చేశావు, ఇతను చూడకుండా తీసుకున్నాడు," అన్నారాయన, కోపం లేకుండా. తర్వాత సమోసా తిన్నారు. తొమ్మిది మందీ అంతకన్నా ముందే మొదలుపెట్టేశారు.

ఆ వారమే మేడమ్ పేపరుని వెనక్కి తీసుకున్నారు. పత్రికకి రాసిన ఉత్తరంలో, నమూనా తయారీలో ఇనుము కలిసిందని, తయారుచేసినది ఫలానా అని, నా పేరు పూర్తిగా రాశారు. వంటవాళ్ల పేరు మెనూలో వెయ్యరు గాని, తిన్నవాళ్లకి కడుపునొప్పి వస్తే వేస్తారు. నేను కోరుకున్నది పేరో, లేకపోతే పేపరు లేకపోవడమో. రెండూ దక్కాయి.

సీనియర్ థీసిస్ ఆర్నెల్లు వెనక్కి పోయింది. పశ్చాత్తాపం వస్తుందేమోనని ఓ వారం ఎదురుచూశాను. రాలేదు. తప్పు కూడా అతనిదే అయ్యుంటే ఎంత బాగుండేదో అన్న బాధ మాత్రం ఉంది. నాన్న ఒకటే అన్నారు: "ముందే అరిచుంటే నీ ఆర్నెల్లు కూడా మిగిలేవి కదమ్మా." ఎందుకంటే మేడమ్ శిక్ష ఇద్దరికీ వేశారు. ఇప్పటిదాకా చేసిన జింకు జడలన్నీ మొదట్నుంచి మళ్లీ చెయ్యాలి, ఇద్దరూ కలిసి, ఒకే బల్ల మీద.

మొదటిరోజు అడిగాను. "సర్, డెసికేటర్‌లో చోటుందా?"

"ఉంది చెల్లీ. ఇక్కణ్ణుంచి సగం నీది."

మూత మీద అడ్డంగా గీత గీయబోయాడు. మార్కర్ ఎండిపోయింది, గీత పడలేదు. నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

మా ల్యాబ్ పడమటి కిటికీ ఎడమ రెక్క గొళ్లెం వంగిపోయింది, ఊరికే తోస్తే మూసినట్టే కనబడుతుంది గాని మూసుకోదు. రెక్కని కాస్త పైకెత్తి లోపలికి లాగితే పడుతుంది.